తీర్పు తర్వాత మొదలయ్యే పని

గత నెల తొమ్మిదో తరగతి పిల్లలకు "నాకు నచ్చిన వృత్తి" అని వ్యాసం ఇచ్చాం. ఎప్పటిలాగే డాక్టర్లు, ఇంజనీర్లు, సైన్యాధికారులు, ఇద్దరు యూట్యూబర్లు వచ్చారు. ఒక అమ్మాయి మాత్రం వాళ్ళ పిన్ని గురించి రాసింది. ఆవిడ హైకోర్టులో క్రిమినల్ అప్పీళ్ళు చూస్తారట. ఆవిడ దగ్గరికి వచ్చే మనుషులకు అప్పటికే జైలుశిక్ష పడి ఉంటుందట. వ్యాసం చదివి వినిపించగానే వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "మేడం, జడ్జిగారు తీర్పు చెప్పేశాక ఇంక లాయరుకు ఏం పని?" దాని వెనకే ఇంకొకటి: "నేరం చేశాడని తేలిపోయాక కూడా అతని తరఫున ఎందుకు వాదించాలి?"

జవాబు మొదలుపెట్టేలోపే గంట కొట్టేశారు. రెండూ మంచి ప్రశ్నలే. రెంటికీ జవాబు కాస్త నిదానంగా చెప్పవలసిందే కనుక ఈ పాఠం.

ముందు సినిమా కోర్టును పక్కన పెడదాం. మన సినిమాల్లో చివరి నిమిషంలో తలుపులు తోసుకుని ఒక సాక్షి పరుగెత్తుకొస్తాడు, లాయరు బల్ల గుద్దుతాడు, కథ మారిపోతుంది. అప్పీలులో అలాంటిదేమీ జరగదు. సాక్షి బోనులో ఎవరూ నిలబడరు. శిక్ష పడిన మనిషి చాలాసార్లు ఆ గదిలోనే ఉండడు, ఎక్కడో జైల్లో ఉంటాడు. న్యాయమూర్తుల ముందు ఉండేది కాగితాల కట్ట. దాన్ని 'పేపర్ బుక్' అంటారు. పోలీసులకు మొదట అందిన ఫిర్యాదు, సాక్షులు చెప్పిన మాటలు, అడ్డు ప్రశ్నలకు వాళ్ళిచ్చిన జవాబులు, డాక్టరు నివేదిక, నేరం జరిగిన చోటు పటం, పంచనామాలు, చివరగా కింది కోర్టు తీర్పు, అన్నీ అందులో ఉంటాయి. చిన్న కేసైతే వంద పేజీలు, పెద్ద కేసైతే వేలు.

మన దేశంలో మేజిస్ట్రేటు శిక్ష వేస్తే సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే హైకోర్టుకు. హైకోర్టులు 25 ఉన్నాయి. తెలంగాణకు హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో ఉన్నాయి. 2019 జనవరి 1 నుంచి ఇవి రెండూ వేరయ్యాయి. హైకోర్టు తర్వాత ఢిల్లీలోని సుప్రీంకోర్టు. మరణశిక్ష విషయంలో ఒక ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. శిక్ష పడినవాడు అప్పీలు చేసినా చేయకపోయినా, సెషన్స్ జడ్జి ఆ కేసు కాగితాలన్నీ హైకోర్టుకు పంపాలి. అక్కడ ఇద్దరు న్యాయమూర్తులు చదివి ఖాయం చేస్తే తప్ప ఆ శిక్ష అమలు కాదు. ఒక్క మనిషి చదివి నిర్ణయిస్తే చాలని మన చట్టం అనుకోలేదన్నమాట.

ఈ కాగితాల సంగతి మీకు ఇంకెవరికన్నా బాగా తెలియాలి. మీ నాన్నగారికో అమ్మగారికో బదిలీ అవుతుంది. మీరు కొత్త ఊరు, కొత్త బడికి వెళ్తారు. అక్కడి ప్రిన్సిపాలు మిమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండరు. ఆయన చేతిలో ఉండేది మీ టీసీ. అందులో 'ప్రవర్తన' అని ఒక గడి. పాత బడిలో మీరు చేసిన మంచీ చెడూ, నవ్వులూ అలకలూ అన్నీ పోయి ఆ గడిలో రాసిన ఒకటి రెండు మాటలే మిగులుతాయి. హైకోర్టు న్యాయమూర్తికి ఆ ముద్దాయి కూడా అంతే. ఆయన గొంతు వారు వినలేదు. సాక్షి తడబడ్డాడో, గట్టిగా చెప్పాడో చూడలేదు. రాసి ఉన్నదే ఉన్నట్టు, రాయనిది లేనట్టు. కాబట్టి రాసినదాన్ని అందరికంటే శ్రద్ధగా చదివే మనిషి ఒకరు కావాలి. అప్పీలు లాయరు చేసేది అదే.

ఎలా చదువుతారు? మొదటిసారి కథలాగా మొదటి నుంచి చివరిదాకా. రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉన్నారో తేదీలు, గంటలు వరుసగా ఒక పట్టిక వేస్తారు. ఒకే సాక్షి పోలీసులకు చెప్పిందీ కోర్టులో చెప్పిందీ పక్కపక్కన పెట్టి చూస్తారు. రాత్రి 10 గంటలకు వేపచెట్టు కింద నిలబడి 60 అడుగుల దూరంలోని మనిషిని గుర్తుపట్టానని సాక్షి అంటే, నేరస్థలపు పటంలో వీధి దీపం ఎక్కడుందో వెతుకుతారు. వెన్నెలలో చూశానంటే పంచాంగం తెరుస్తారు. ఆ రోజు అమావాస్య అయితే? నవ్వకండి, ఇంత చిన్న విషయాన్ని కింది కోర్టులో ఎవరూ అడగకుండా వదిలేయడం ఉంటుంది. దొరికినది ప్రతిదీ పేజీ నంబరుతో సహా రాసుకోవాలి, ఎందుకంటే న్యాయమూర్తి అడిగే మొదటి మాట "ఏ పేజీ?" అనే.

దీనికంతటికీ గడువు ఉంది. సెషన్స్ కోర్టు వేసిన శిక్షపై హైకోర్టుకు వెళ్ళడానికి 60 రోజులు, మరణశిక్ష అయితే 30 రోజులే. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. అప్పీలు తేలేదాకా శిక్షను నిలిపి బెయిలు ఇవ్వమని కూడా అడగవచ్చు. అది దొరకనివాళ్ళు తమ వంతు వచ్చేదాకా లోపలే ఉంటారు. ఆ వంతు రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. గెలిచినా ఆ ఏళ్ళు తిరిగి రావు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళను కుదురుగా నిద్రపోనివ్వని సంగతి ఇదేనని మా అభిప్రాయం.

ఇక తెలుగు ఉపాధ్యాయులుగా మాకు ఎక్కువ ఆసక్తి ఉన్న చోటికి వద్దాం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో సాక్షి తెలుగులో చెబుతాడు. కొన్నిచోట్ల దాన్ని తెలుగులోనే రాసుకుంటారు, కొన్నిచోట్ల జడ్జిగారు వింటూనే ఇంగ్లీషులో చెప్పి టైపు చేయిస్తారు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ హైకోర్టుల్లో హిందీ వాడకానికి కూడా అనుమతి ఉంది. మన దగ్గర లేదు. కాబట్టి తెలుగు సాక్ష్యం ఎక్కడో ఒకచోట ఇంగ్లీషు గుమ్మం దాటవలసిందే. దాటేటప్పుడు ఏం జారిపడుతుందో చూడండి.

"వాళ్ళు కత్తులు పట్టుకొచ్చారట." ఈ వాక్యం చివర ఒక చిన్న 'ట' ఉంది. "నేను చూడలేదు, ఎవరో అనగా విన్నాను" అనే మొత్తం అర్థాన్ని ఆ ఒక్క అక్షరం మోస్తోంది. ఇంగ్లీషులో దానికి సమానమైన ప్రత్యయం లేదు. తర్జుమా చేసేవారు తొందరలో ఉంటే "వాళ్ళు కత్తులు పట్టుకొచ్చారు" అయిపోతుంది. విన్న మాట కళ్ళారా చూసిన మాటగా మారిపోతుంది. సాక్షి తాను స్వయంగా చూసిందే చెప్పాలనేది సాక్ష్య చట్టంలో మొదటి మెట్టు. ఇక్కడ ఆ మెట్టే విరిగింది, కాగితం మీద మాత్రం గీత కూడా కనబడదు.

"మేము వెళ్ళాం", "మనం వెళ్దాం". మేము అంటే ఎదుటివాణ్ణి మినహాయించి, మనం అంటే కలుపుకుని. ఇంగ్లీషులోనూ హిందీలోనూ రెంటికీ ఒకే మాట. ఒక గుంపు నేరం చేసిందన్న కేసులో ఆ గుంపులో ఎవరున్నారన్నదే ప్రశ్న అయినప్పుడు ఈ తేడా కొన్ని సంవత్సరాల జైలుకు సమానం. "మొన్న" అంటే నిన్నటికి ముందురోజా, ఈమధ్య ఎప్పుడోనా? "మావయ్య" అంటే అమ్మ తమ్ముడా, అత్త భర్తా, పక్కింటి పెద్దాయనా? "అల్లరి మానకపోతే చంపేస్తా" అని మీలో ఎంతమంది అమ్మలు ఈ వారంలో అన్నారో చేతులెత్తండి. అదే మాట ఇంగ్లీషు కాగితం మీదికి ఎక్కితే హత్యాబెదిరింపు.

తెలుగు తెలిసిన అప్పీలు లాయరు అనుమానం వచ్చిన చోట ఇంగ్లీషు ప్రతితో ఆగిపోరు. మూలం ఉంటే దాన్ని తెప్పించి చూస్తారు.

ఈ 'ట' గురించి మేము ఇంత నమ్మకంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. అది మాకు గర్వం కలిగించేది కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో హిందీ మాట్లాడే ఒక రాష్ట్రంలో పనిచేశాం. సైన్సు ప్రదర్శన కోసం పిల్లలు నెలరోజులు కష్టపడి చేసిన ఒక నమూనా రాత్రికి రాత్రి విరిగి కనిపించింది. విచారణ మొదలైంది. ఆరో తరగతిలో అప్పుడే ఆంధ్ర నుంచి వచ్చిన పిల్లవాడు ఒకడు ఆ గది దగ్గర కనిపించాడు. వాడికి హిందీ రాదు. మమ్మల్ని పిలిచారు. "ఏం జరిగింది నాన్నా?" అని అడిగితే వాడు బిక్కమొహం వేసి, "ఎనిమిదో తరగతి అన్న పగలగొట్టాడట మేడం" అన్నాడు. మేము హిందీలో చెప్పింది "ఆఠ్వీ కే భయ్యా నే తోడా". పక్కనున్నవారు రాసుకున్నారు. కింద అనువాదకులుగా మేము సంతకం పెట్టాం.

ఎనిమిదో తరగతి అబ్బాయి తాను కాదన్నాడు. ఎవరూ వినలేదు, కళ్ళారా చూసిన సాక్షి ఉన్నాడు కదా. ప్రాంతీయ ఆటల పోటీలకు వెళ్ళే జట్టులోంచి వాడి పేరు తీసేశారు. అప్పటికే వాళ్ళ నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చి ఉంది. టీసీలో ఆ గడి ఎలా నింపాలా అని మాటలు నడుస్తున్నాయి. అప్పుడు వాళ్ళమ్మగారు ప్రిన్సిపాలు గారి దగ్గరికి వచ్చారు. ఏడవలేదు, గట్టిగా మాట్లాడలేదు. ఆ కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివి ఒకే ప్రశ్న వేశారు: "ఈ చిన్నబాబు ఎక్కడ నిలబడి చూశాడు?"

కాగితంలో అది లేదు. మేము అడగలేదు కనుక లేదు. మళ్ళీ పిల్లవాణ్ణి పిలిచి అడిగితే, "నేను చూడలేదు మేడం. అన్నలు అనుకుంటుంటే విన్నా. చెప్పాను కదా" అన్నాడు. నిజమే, వాడు చెప్పాడు. తెలుగు ఉపాధ్యాయులమైన మేమే ఆ 'ట'ను జారవిడిచాం.

గడిలో ఏ మచ్చా పడలేదు. కానీ ఆటల జట్టు అప్పటికే రైలెక్కి వెళ్ళిపోయింది. వారం తర్వాత ఆ అబ్బాయి ఊరు వదిలి వెళ్తూ అందరు టీచర్లతో పాటు మాకూ నమస్కారం పెట్టాడు. ఏం అనాలో మాకు తోచలేదు. ఏమీ అనలేదు.

ఇంత చిన్న పొరపాటు బడిలో జరిగితే ఒక ఆటల పోటీ పోయింది. కోర్టులో జరిగితే ఏమవుతుందో చెప్పడానికి ఒక నిజమైన కేసు చెబుతాం. పెద్ద తరగతులవాళ్ళు నిదానంగా చదవండి.

2003 జూన్‌లో మహారాష్ట్రలో ఒక కుటుంబంపై రాత్రిపూట దాడి జరిగింది. ఐదుగురు చనిపోయారు, ఇద్దరు గాయాలతో బయటపడ్డారు. సంచార జాతికి చెందిన ఆరుగురు పేదవాళ్ళను పోలీసులు పట్టుకున్నారు. 2006లో సెషన్స్ కోర్టు ఆరుగురికీ మరణశిక్ష వేసింది. 2007లో బొంబాయి హైకోర్టు ముగ్గురికి ఆ శిక్షనే ఖాయం చేసి, మిగిలిన ముగ్గురికి యావజ్జీవ శిక్షగా తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ తగ్గింపును కూడా తీసేసి మళ్ళీ ఆరుగురికీ మరణశిక్షే అంది. పై కోర్టుకు వెళ్తే శిక్ష తగ్గుతుందనే హామీ లేదని ఇక్కడ గమనించాలి. ప్రభుత్వం తరఫువారూ పైకి రావచ్చు.

అంతటితో కథ అయిపోయిందని అందరూ అనుకునే చోటు అది. సుప్రీంకోర్టు తీర్పు మీద మిగిలేది ఆ కోర్టునే మళ్ళీ చూడమని అడిగే పునఃపరిశీలన పిటిషన్. మామూలుగా వాటిని న్యాయమూర్తులు తమ గదిలోనే చదివి తేలుస్తారు, వాదనలు ఉండవు. 2014లో సుప్రీంకోర్టు మరణశిక్ష పడినవారి పునఃపరిశీలనను బహిరంగ కోర్టులో ముగ్గురు న్యాయమూర్తులు వినాలని చెప్పింది. ఆ కిటికీ తెరుచుకున్నాక ఈ ఆరుగురి కేసు మళ్ళీ లేచింది. కట్టలు మళ్ళీ విప్పారు.

కట్టలో ఏముంది? బతికి బయటపడిన ఆవిడకు దాడి జరిగిన కొద్ది రోజులకే పోలీసులు తమ దగ్గరున్న పాత నేరస్థుల ఫొటోల ఆల్బం చూపించారు. ఆవిడ అందులో నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురూ ఈ ఆరుగురిలో లేరు! ఆ నలుగురి మీద దర్యాప్తు సాగలేదు. ఈ సంగతి ఎవరో కొత్తగా వెలికితీసిన రహస్యం కాదు. ఆ కాగితం మొదటి నుంచీ కేసులోనే ఉంది. మూడు కోర్టులు దాటింది. 2019 మార్చి 5న సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని తీర్పు చెప్పింది. అప్పటికి దాదాపు 16 ఏళ్ళు జైల్లో గడిచాయి. వారిలో ఒకరు ఆ నేరం జరిగిన నాటికి 18 ఏళ్ళు కూడా నిండని పిల్లవాడని మధ్యలోనే తేలింది. ఒక్కొక్కరికీ 5 లక్షల రూపాయలు ఇవ్వాలనీ, తప్పుగా దర్యాప్తు చేసిన అధికారులపై చర్య తీసుకోవాలనీ కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తీర్పు ఇచ్చిన ముగ్గురిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు, మీరు పేరు వినే ఉంటారు.

ఇప్పుడు రెండో ప్రశ్న. "నేరం చేశాడని తేలిపోయాక..." అన్నావు చూడు బాబూ, తేలిందా లేదా అన్నదే అప్పీలులో అడిగేది. ఆ ఐదుగురిని కోల్పోయిన కుటుంబం వైపు నుంచి కూడా చూడండి. వేరేవాళ్ళకు శిక్ష పడినన్నాళ్ళూ అసలు చేసినవాళ్ళను వెతికేవాళ్ళు ఎవరూ ఉండరు. 16 ఏళ్ళ తర్వాత వెతకడం మొదలుపెడితే దొరుకుతారా?

దీన్ని వ్యాకరణంలోకి మార్చి చెప్పవచ్చు. "అతనే చేసి ఉండవచ్చు", "అతనే చేసి ఉండాలి". మొదటిది అనుమానం, రెండోది రుజువు. 1973లోనే ఒక తీర్పులో సుప్రీంకోర్టు ఈ రెండు క్రియల మధ్య దూరం చాలా ఎక్కువని, ఆ దూరాన్ని ఊహలతో దాటకూడదని చెప్పింది. 1984లో పుణెకు చెందిన మరో కేసు వచ్చింది. చూసినవాళ్ళెవరూ లేరు, పరిస్థితులే సాక్ష్యం. సెషన్స్ కోర్టూ హైకోర్టూ మరణశిక్ష అన్నాయి. సుప్రీంకోర్టు అతణ్ణి విడిచిపెడుతూ, ఇలాంటి కేసుల్లో ఏమేం రుజువు కావాలో ఐదు సూత్రాలు చెప్పింది. గొలుసులో ప్రతి కొక్కెం నిలవాలి, ముద్దాయి నిర్దోషి అయ్యే అవకాశం ఏదీ మిగలకూడదు అన్నది వాటి సారం. ఈనాటికీ అప్పీలు లాయర్లు ఆ ఐదింటినీ ఎక్కాల్లా అప్పజెబుతారు.

నిజంగా నేరం చేసినవాళ్ళూ అప్పీలు చేస్తారు, ఆ మాట దాచడం దేనికి. చాలా అప్పీళ్ళు ఓడిపోతాయి కూడా. తన క్లయింటు దోషి అని లాయరుకు మనసులో అనిపించినా అతని తరఫున వాదించడం విధి అని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతాయి. కోర్టుకు అబద్ధం చెప్పడానికి మాత్రం వీల్లేదు. శిక్ష సరైనదే అయినా దాని కొలత ఎక్కువైందా అన్న ప్రశ్న ఉంటుంది. మూడేళ్ళు వేయవలసిన చోట పదేళ్ళు వేస్తే ఆ ఏడేళ్ళూ ఎవరివి?

మరి డబ్బు లేనివాళ్ళ సంగతి? ఇక్కడ 1978 నాటి ఒక కేసు చెప్పాలి, ఎందుకంటే అందులో ఓడినవాడి వల్ల దేశమంతా గెలిచింది. ఆయన ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడు. దొంగ డిగ్రీ పత్రాలు తయారుచేయబోయారని నేరం. సెషన్స్ కోర్టు నామమాత్రపు శిక్ష వేస్తే, 1973లో హైకోర్టు దాన్ని మూడేళ్ళకు పెంచింది. ఆయన సుప్రీంకోర్టుకు వచ్చేసరికి నాలుగేళ్ళు దాటిపోయాయి. ఎందుకింత ఆలస్యమంటే, తీర్పు ప్రతి జైలుకు వెళ్ళిందిగానీ తన చేతికి రాలేదన్నారు. అందినట్టు ఆయన సంతకం ఉన్న రసీదు కూడా లేదు. అప్పటికే శిక్ష మొత్తం అనుభవించేశారు! జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆయన పిటిషన్‌ను కొట్టేశారు. కానీ అదే తీర్పులో, జైల్లో ఉన్నవారికి తీర్పు ప్రతిని అప్పీలు గడువులోపల ఉచితంగా ఇవ్వాలనీ, లాయరును పెట్టుకోలేని వారికి ప్రభుత్వమే న్యాయసహాయం అందించాలనీ చెప్పారు. కాగితం చేతికి రాకపోతే హక్కు ఉండీ లేనట్టే.

రాజ్యాంగంలో 39ఎ అధికరణం ఉచిత న్యాయసహాయం గురించే. దాని ఆధారంగా 1987లో న్యాయసేవల ప్రాధికార చట్టం వచ్చింది, 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. జైల్లో ఉన్నవారు, స్త్రీలు, పిల్లలు ఎవరైనా ఆదాయంతో పని లేకుండా దీని కింద లాయరును పొందవచ్చు. లాయరే రాకపోయినా జైలు నుంచే అప్పీలు రాసి జైలు అధికారికి ఇస్తే ఆయన కోర్టుకు పంపాలి. లాయరు ఆ రోజు రాలేదన్న కారణంతో కాగితాలు చదవకుండా అప్పీలు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 1996లో స్పష్టం చేసింది.

ఒక చిన్న నిబంధన మాకు ప్రత్యేకంగా నచ్చింది. జైలుశిక్ష మీద అప్పీలు నడుస్తుండగా ఆ మనిషి చనిపోతే కేసు ముగిసిపోతుంది. కానీ తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు, తోబుట్టువుల్లో ఎవరైనా 30 రోజుల్లోపు అడిగితే కోర్టు అనుమతితో దాన్ని కొనసాగించవచ్చు. విడిపించడానికి మనిషి లేడు. పేరు మిగిలింది, దాని కోసం.

ఈ వృత్తిలోకి ఎలా వెళ్ళాలంటే, పన్నెండో తరగతి తర్వాత ఐదేళ్ళ న్యాయశాస్త్ర కోర్సు ఉంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ పరీక్ష రాయాలి. హైదరాబాదులో నల్సార్, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం అలాంటివే. ఏదైనా డిగ్రీ చేసి మూడేళ్ళ ఎల్ఎల్‌బీ కూడా చేయవచ్చు. తర్వాత రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు, ఆలిండియా బార్ పరీక్ష. ఒక రాష్ట్రంలో నమోదైన లాయరు దేశంలో ఏ కోర్టులోనైనా వాదించవచ్చు, ఇది మీలాంటి ఊరూరూ తిరిగే కుటుంబాలవాళ్ళకు బాగుంటుంది. మొదటి సంవత్సరాలు ఒక సీనియరు దగ్గర ఫైళ్ళు చదవడంతో, సారాంశాలు రాయడంతో గడుస్తాయి. డబ్బు తక్కువ, తలనొప్పి ఎక్కువ. వాదన రెండు మూడు నిమిషాల్లో ముగిసే రోజులూ ఉంటాయి. దాని వెనక మూడు వారాల చదువు ఉంటుంది.

ఒకప్పుడు ఈ దారి అందరికీ తెరిచి ఉండేది కాదు. ఒంగోలులో తల్లి భోజనశాల నడిపి పెంచిన టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా పేరు తెచ్చుకున్నారు. కానీ ఆ గ్రేడు ప్లీడర్లకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. దాని కోసం 1904లో ఇంగ్లండు వెళ్ళి, 1907లో బారిస్టరుగా తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో నిలబడ్డారు. 1921లో స్వాతంత్ర్యోద్యమం కోసం ఆ ప్రాక్టీసు మొత్తం వదిలేశారు. తర్వాతి కథ మీ సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉంది.

ఇంటి దగ్గర చేయవలసిన పని:

కింది నాలుగు వాక్యాలను మీకు బాగా వచ్చిన మరో భాషలోకి మార్చండి. హిందీ, ఇంగ్లీషు, మీరున్న ఊరి భాష, ఏదైనా సరే.

నిన్న రాత్రి ఆ దుకాణంలో దొంగలు పడ్డారట.
మేము బయటికి వచ్చేసరికి అతను అక్కడే ఉన్నట్టున్నాడు.
మొన్న మావయ్య బజారులో కనిపించాడు.
"ఇంకోసారి ఇటు వచ్చావంటే చంపేస్తా" అంది వాళ్ళమ్మ.

మీ అనువాదాన్ని తెలుగు రాని స్నేహితుడికి ఇచ్చి ఈ ప్రశ్నలు అడగండి: మొదటి వాక్యం చెప్పిన మనిషి దొంగలను చూశాడా? రెండో వాక్యంలో అతను అక్కడ ఉన్న మాట ఖాయమా? మూడోది ఏ రోజు, ఎవరు? నాలుగో ఆవిడ మీద కేసు పెట్టాలా? స్నేహితుడి జవాబులు మీ జవాబులతో కలవకపోతే అనువాదం మళ్ళీ చేసి తీసుకురండి. సోమవారం రెండో పీరియడ్‌లో చూద్దాం.